బౌల్ కొనే ముందు క్యాపును చేతిలోకి తీసుకో

కావలి,
ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లో నీ ఎల్ఈడీ బల్బుల షెడ్డు చూసి వచ్చినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఫోనులో నువ్వు అడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. మూడు వైబ్రేటర్ బౌళ్లకు, అదే కుప్పగా పోసిన చిన్న ముక్కలను అదురుతో వరుసపెట్టి యంత్రానికి అందించే గిన్నెలకు, కొటేషన్లు తెప్పించావు. ఒకటి హోల్డర్‌లో దూరే బల్బు క్యాపులకు, ఒకటి క్యాపు మీద కొట్టే చిన్న మేకులకు, ఒకటి వెలిగే చిప్పులు అతికించిన ఎల్ఈడీ ప్లేట్లకు. మూడూ కొనమంటారా మామయ్యా అన్నావు. ఇప్పటికి క్యాపులది ఒక్కటే కొను. మేకులది ఆరు నెలలు ఆగి కొను. ప్లేట్లది అసలు కొనవద్దు. ఎందుకో రాస్తాను, తీరిక చేసుకొని చదువు.

నీ షెడ్డులో నలుగురు అమ్మాయిలు బల్ల చుట్టూ కూర్చొని కుప్పలోంచి క్యాపులు ఏరి, నోరు కిందికి వచ్చేలా ట్రేలో పేరుస్తున్నారు. వాళ్ల వేళ్ల వైపే చాలాసేపు చూశాను. సొట్టపడిన క్యాపు చేతికి తగలగానే, కళ్లు తిప్పి చూడకుండానే పక్కన పడేస్తున్నారు. నువ్వు కొనబోయే బౌల్‌కు ఆ వేళ్లు ఉండవు. సొట్టపడిన దాన్నీ మంచిదాన్నీ ఒకే రకంగా మోసుకెళ్లి యంత్రం నోటికి అందిస్తుంది, లేదా దారిలో ఇరుక్కుపోతుంది. మద్రాసు పక్కన బల్బుల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు నేను నేర్చుకున్న దాంట్లో మొదట చెప్పవలసింది ఇదే. జామ్ అయిన ప్రతిసారీ అందరూ బౌల్‌ను తిడతారు. పదింటిలో ఎనిమిదిసార్లు తప్పు బౌల్‌లో పోసిన సరుకుదే.

బౌల్ ఎలా నడుస్తుందో నీకు తెలియాలి. అమ్మినవాడు చెప్పడు, అతని ఫిట్టర్‌కు చెప్పే ఓపిక ఉండదు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, చేటలో బియ్యం చెరగడం నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. చేటను పైకి, ముందుకు విసిరి చటుక్కున వెనక్కి లాగేది. గింజ గాలిలో ఉన్న ఆ క్షణంలో చేట వెనక్కి వచ్చేస్తుంది, గింజ మాత్రం కాస్త ముందుకు పడుతుంది. బౌల్ చేసేదీ అదే పని. గిన్నె కింద ఏటవాలుగా బిగించిన పట్టీ స్ప్రింగులు, వాటి నడుమ ఒక కాయిల్ ఉంటాయి. కాయిల్ లాగినప్పుడు గిన్నె కొంచెం తిరుగుతూ కిందికి దిగుతుంది, వదిలినప్పుడు తిరుగుతూ పైకి లేస్తుంది. ప్రతి లేపులో క్యాపు వెంట్రుకవాసి ముందుకు గెంతుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో అయస్కాంతం రెండుసార్లు లాగుతుంది కాబట్టి సెకనుకు 100 గెంతులు. మధ్యలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ పెడితే 50. గిన్నె లోపలి గోడ చుట్టూ పైకి ఎక్కే సన్నటి దారి ఉంటుంది, దాన్నే ట్రాక్ అంటాం. క్యాపు ఆ ట్రాక్ మీద జారుతున్నట్టు కంటికి కనిపిస్తుంది గానీ అది గెంతుతూ పోతోంది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం మరమ్మతులు నీకే తోస్తాయి. ట్రాక్ మీద నూనె పొర ఉంటే క్యాపు గెంతదు, అంటుకుపోతుంది. ప్రెస్‌లో సాగదీసి చేసిన క్యాపులకు నూనె ఉంటుంది. కడిగి ఆరబెట్టినవే పంపమని సప్లయర్‌కు కాగితం మీద రాసి ఇవ్వు.

ఇప్పుడు నీ క్యాపు సంగతి. మనం పిన్ను క్యాపు అనే బీ22 రకానికి ఒళ్లు 22 మిల్లీమీటర్లు, నోటి దగ్గర వెడల్పు 26 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. రెండు పక్కలా రెండు పిన్నులు పొడుచుకొని ఉంటాయి. ఆ పిన్నులే ఇంట్లో హోల్డర్‌లో బల్బుకు ఆధారం, బౌల్‌లో మాత్రం ఆటంకం. ఒక క్యాపు పిన్ను పక్కదాని అంచుకు తగులుకుంటుంది, ఒకదాని ముక్కు ఇంకొకదాని నోట్లో దూరుతుంది. కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఒక పని చెయ్యి. నూరు క్యాపులు లెక్కపెట్టి, మూరెడు ఎత్తు నుంచి చదునైన బల్ల మీద ఒక్కసారిగా పోసి, నోరు కిందికి పడినవి ఎన్ని, నోరు పైకి ఎన్ని, పక్కకు ఒరిగినవి ఎన్ని అని రాసుకో. పదిసార్లు చెయ్యి. ఏ లాటుకు ఆ లాటు వేరుగా చెయ్యి. ఒక సాయంత్రం పని ఇది, పైసా ఖర్చు లేదు. బౌల్ ట్రాక్ మీదకు నీ క్యాపులు ఏ పాళ్లలో ఎక్కుతాయో ఆ కాగితం చాలావరకు చెప్పేస్తుంది. రెండు లాట్ల లెక్క బాగా తేడాగా వచ్చిందంటే, తయారీలోనే ఏదో మారిందని అర్థం.

ఆ కాగితంతోనే ఇంకో లెక్క కట్టు. ట్రాక్ మీద క్యాపులు సెకనుకు 50 మిల్లీమీటర్లు నడుస్తున్నాయనుకో. క్యాపు నోటి వెడల్పు 26 మిల్లీమీటర్లు. అంటే సెకనుకు రెండు కన్నా కొంచెం తక్కువ. అందులో సగమే సరైన వైపు ఉండి, మిగిలిన సగం గిన్నెలోకి తిరిగి పడిపోయినా గంటకు 3,400 క్యాపులు వస్తాయి. క్యాపును బల్బు ఒంటికి నొక్కి బిగించే నీ క్యాప్ పంచింగ్ మెషిన్‌కు గంటకు వెయ్యి చాలు. కాబట్టి పెద్ద బౌల్, వేగంగా నడిచే బౌల్ అని అమ్మేవాడు ఊరించినా లొంగవద్దు. యంత్రానికి కావలసిన దానికన్నా పాతిక శాతం ఎక్కువ ఇస్తే సరిపోతుంది. వరుస నిండగానే సెన్సర్ బౌల్‌ను ఆపాలి, వరుస కొంత తగ్గాక మళ్లీ నడపాలి. గిన్నెలో కూడా మూడో వంతు, మహా అయితే సగం వరకే సరుకు ఉండాలి. పైదాకా నింపితే కింది క్యాపుల మీద బరువుపడి ఒకదాన్నొకటి గీసుకుంటాయి. అల్యూమినియం క్యాపులు అలా రాసుకుంటే నల్లటి పొడి రాలుతుంది, అది నీ తెల్లటి హౌసింగుల, అంటే బల్బు ఒళ్ల మీద వేలిముద్రలుగా తేలుతుంది. గిన్నె లోపల పాలియురెథేన్ పూత వేయించుకో. గీతలు తగ్గుతాయి, చప్పుడూ తగ్గుతుంది.

చప్పుడు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. నా ఎడమ చెవి సరిగా వినిపించదని నీకు తెలుసు. అయిదు బౌళ్ల మధ్య, మూత ఏదీ లేకుండా నిలబడి చేసిన ఉద్యోగం అది. ఆ రోజుల్లో మాకు చెప్పినవాళ్లు లేరు. నువ్వు మాత్రం బౌల్‌కు మూతపెట్టె లేకుండా ఒక్క రోజు కూడా నడపవద్దు. ఆ అమ్మాయిలు దాని పక్కనే ఎనిమిది గంటలు కూర్చుంటారు.

సరైన వైపు ఉన్న క్యాపును ఏరడం బౌల్ చేసేవాడి చేతి విద్య. నోరు కింద పెట్టి నిలబడిన క్యాపుకు వెడల్పయిన పీఠం ఉంటుంది. ట్రాక్ లోపలి అంచును ఒకచోట కొంత కోసి ఉంచితే, ఆ వెడల్పయిన నోటి మీద నిలబడినది దాటిపోతుంది, ముక్కు మీద నిలబడినది పట్టు చాలక గిన్నెలోకి ఒరిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కినవాటిని పైన అడ్డంగా ఉన్న చిన్న రేకు తోసేస్తుంది. అంతే. ఇందులో మాయ లేదు, కానీ ఆ కోత అర మిల్లీమీటరు తేడాలో ఉంటుంది. అందుకే ఒక్కటి బాగా గుర్తుంచుకో: ఆకురాయి పట్టుకొని ట్రాక్ జోలికి వెళ్లవద్దు.

నేను వెళ్లాను. ఒక వానాకాలం రాత్రి షిఫ్టులో ప్రతి పది నిమిషాలకూ జామ్ అవుతోంది. కోత దగ్గర క్యాపులు ఆగిపోతున్నాయి. తెల్లవారేలోగా ఉత్పత్తి లెక్క చూపించాలి. కోత అంచును కొంచెం రాసి వెడల్పు చేశాను. జామ్ పోయింది, నన్ను మెచ్చుకున్నారు కూడా. రెండు రోజుల తర్వాత కొత్త లాటు వచ్చింది. ఈసారి మంచి క్యాపులు కూడా ఆ కోతలోంచి గిన్నెలోకి పడిపోవడం మొదలుపెట్టాయి, వరుస ఖాళీ అయిపోయింది. పాత లాటును అప్పుడు కొలిచి చూశాం. లారీలో సంచుల మీద సంచులు వేసి తెచ్చినందువల్ల అడుగు సంచుల్లో క్యాపుల నోళ్లు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. తప్పు సంచిలో ఉంటే నేను బౌల్‌ను కోశాను. దాన్ని మళ్లీ వెల్డింగ్ చేసి, రాసి, పాత కొలతకు తేవడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటి నుంచి జామ్ అయితే నేను చేసే మొదటి పని, ఇరుక్కున్న క్యాపును బయటికి తీసి, సన్నటి కొలతలు తీసే వర్నియర్‌తో నోటిని రెండు దిక్కులా కొలవడం. నువ్వూ ఒక డబ్బా పెట్టుకో. జామ్ చేసిన ప్రతి క్యాపునూ, తేదీ, లాటు నంబరు రాసి అందులో వెయ్యి. నెల తిరిగేసరికి ఆ డబ్బా ఏ సప్లయర్‌ను మార్చాలో చెబుతుంది.

బౌల్ క్యాపు నోటి దిక్కు మాత్రమే సరిచేస్తుంది. రెండు పిన్నులు ఏ వైపు ఉండాలో అది చూడలేదు. అది యంత్రం దగ్గర అచ్చులో జరగాలి. అచ్చులో పిన్నులకు రెండు గాళ్లు ఉంటాయి, పిన్నులు వాటిలో దిగేదాకా క్యాపును మెల్లగా తిప్పాలి. ఈ ఏర్పాటు కొటేషన్‌లో ఉందో లేదో చూడు. నువ్వు పంపిన కాగితంలో నాకు కనిపించలేదు. పిన్నులు వంకరగా కూర్చున్న క్యాపును పంచ్ చేస్తే ఒకవైపు బిగువు చాలదు. ఎల్ఈడీ బల్బులకు మన దేశపు ఐఎస్ 16102 ప్రమాణం ప్రకారం బీ22 క్యాపు 3 న్యూటన్ మీటర్ల మెలితిప్పుడుకు ఊడకుండా నిలవాలి. ఇంట్లో బల్బు తీయబోతే క్యాపు హోల్డర్‌లోనే ఉండిపోయి బల్బు చేతికి రావడం ఎంత ప్రమాదమో నీకు చెప్పనక్కరలేదు.

ఇక కరెంటు. మన కోస్తా జిల్లాల్లో బౌల్ నడిపేవాడు దీని గురించి మిగిలిన అన్నింటికన్నా ఎక్కువ తెలుసుకోవాలి. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు, పొలాల్లో మోటార్లు ఒక్కసారిగా తిరిగే వేళల్లో ఓల్టేజి దిగుతుంది. ఓల్టేజి పదో వంతు తగ్గితే కాయిల్ లాగే బలం పదో వంతు తగ్గుతుందని అనుకుంటాం. ఆ బలం వర్గం లెక్కన పడిపోతుంది, అంటే దాదాపు అయిదో వంతు పోతుంది. పొద్దున చక్కగా నడిచిన బౌల్ సాయంత్రం నీరసపడిందంటే ముందు ఓల్టేజి చూడు. నీ కుర్రవాడు కంట్రోలర్ నాబ్ తిప్పి వేగం పెంచుతాడు, రాత్రి ఓల్టేజి పుంజుకోగానే క్యాపులు ట్రాక్ మీద నుంచి ఎగిరి పడతాయి.

ఓల్టేజి కన్నా మోసం చేసేది ఫ్రీక్వెన్సీ. స్ప్రింగుల మీద కూర్చున్న గిన్నెకు దానికంటూ ఒక ఊపు ఉంటుంది, ఉయ్యాలకు ఉన్నట్టు. ఆ ఊపు కరెంటు లాగే వేగానికి దగ్గరగా, కొంచెం పైన ఉండేలా స్ప్రింగులు బిగిస్తారు. పైన ఎందుకంటే, గిన్నెలో సరుకు పోసినప్పుడు బరువుకు ఊపు కొంచెం తగ్గి సరిగ్గా కరెంటు వేగానికి చేరువవుతుంది. అప్పుడు బరువు మోస్తూ కూడా బౌల్ నీరసపడదు. ఇంత సున్నితమైన లెక్క మీద నడిచే దాన్ని పాత జనరేటర్ మీద వేశామనుకో, ఏమవుతుంది? ఒకసారి మాకు తుపాను వల్ల రెండు రోజులు కరెంటు పోయింది. జనరేటర్ మీద మోయలేనన్ని యంత్రాలు వేశాం, దాని వేగం తగ్గింది, ఫ్రీక్వెన్సీ 48కి దిగింది. బౌల్ చచ్చుబడింది. స్ప్రింగులు గట్టిపడ్డాయని అనుకొని రాత్రంతా కూర్చొని ఒక్కో పట్టీ తీస్తూ, బిగిస్తూ చూశాను. తెల్లవారుజామున చక్కగా నడిచింది. ఉదయం అసలు కరెంటు వచ్చింది, నా స్ప్రింగులేమో 48కి సరిపడా మెత్తబడి ఉన్నాయి. ఖాళీ గిన్నె ఊగిపోయింది, క్యాపులు పోయగానే కదలకుండా ఆగిపోయింది. తీసిన పట్టీలన్నీ మళ్లీ పాత వరుసలో పెట్టాల్సి వచ్చింది, ఆ వరుస నేను రాసి పెట్టుకోలేదు.

అందుకని నీకు రెండు మాటలు. ఫ్రీక్వెన్సీని తనే తయారు చేసుకొని, ఓల్టేజి హెచ్చుతగ్గులను సర్దుకొనే డిజిటల్ కంట్రోలర్‌తోనే బౌల్ తీసుకో. దాని ధర మామూలు దానికన్నా ఎక్కువే, అయినా ఇక్కడ పొదుపు చేయవద్దు. ఇక, కొత్త బౌల్ వచ్చిన రోజే నాలుగు వైపులా స్ప్రింగు పట్టీల సంఖ్య, మందం, వాటి మధ్య బిళ్లల వరుస ఫోటోలు తీసి, పుస్తకంలో రాసి పెట్టు. పట్టీ గట్టితనం మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 3 మిల్లీమీటర్లది పెడితే గట్టితనం ఒకటిన్నర రెట్లు అవుతుందనుకుంటారు, మూడు రెట్లు దాటుతుంది. ఒంగోలులో దొరికిందని ఏదో ఒక పట్టీ కొట్టించి వేస్తే ఏమవుతుందో ఊహించుకో. అసలు తయారీదారు దగ్గర నుంచే ఒక జత పట్టీలు, ఒక కాయిల్ అదనంగా తీసుకొని పెట్టుకో. కాయిల్‌కూ ఎదురు దిమ్మెకూ మధ్య సందును నెలకోసారి ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్నటి రేకులతో, రెండు చివర్లా చూడు. సందు పెరిగితే కాయిల్ వేడెక్కుతుంది, తగ్గితే దిమ్మెకు కొట్టుకొని టకటకలాడుతుంది. ఉప్పు గాలికి పట్టీల మధ్య తుప్పు పడుతుంది. పైకి కనిపించదు, విప్పి చూస్తేనే తెలుస్తుంది.

నీ షెడ్డుకు పక్కనే గ్రానైట్ కోసే యూనిట్లు ఉన్నాయి. వాటి బురద ఎండి వేసవి గాలికి తెల్లటి పొడిగా లేస్తుంది. ఆ పొడి ట్రాక్ మీద పడితే ఆకురాయి పనే చేస్తుంది. మూతపెట్టె తీసి ఉంచవద్దని ఇంకోసారి చెబుతున్నాను. అయితే ఆ పొరుగు నుంచే నీకు మేలూ ఉంది. బౌల్ కింద బల్ల తేలికగా ఉంటే బల్ల కూడా ఊగుతుంది, బౌల్ బలం అందులోనే పోతుంది. నీది సన్నటి యాంగిల్ ఇనుప బల్ల. చీమకుర్తి నల్లరాయి మందపాటి పలక ఒకటి, రంగు తేలక పక్కన పడేసినది, తక్కువకు ఇస్తారు. దాన్ని ఆ బల్ల మీద పరిచి బౌల్‌ను దానికి బిగించు. పంచింగ్ మెషిన్ అదురు తగలకుండా రెండింటినీ వేరువేరుగా నిలబెట్టు.

మేకుల విషయం క్లుప్తంగా చెబుతాను. తల ఉన్న మేకు తన తలతోనే గాడిలో వేలాడుతుంది కాబట్టి వాటిని వరుసలో పెట్టడం క్యాపుల కన్నా తేలిక. కాడ పొడవు తల వెడల్పు కన్నా బాగా ఎక్కువ ఉన్న మేకునే ఎంచుకో, పొట్టిదైతే గాడిలో నిలవక దొర్లుతుంది. ఇనుప మేకులైతే కాయిల్ దగ్గర అయస్కాంతం ఎక్కి ఒకదానికొకటి అంటుకునే ప్రమాదం ఉంది. ముందు క్యాపుల బౌల్ మీద నీ చేయి తిరగనీ, తర్వాత చూద్దాం.

ఎల్ఈడీ ప్లేట్లను మాత్రం బౌల్‌లో పోయడమనే ఆలోచనే మానుకో. అవి దొర్లితే పసుపు చుక్కల మీద గీతలు పడతాయి, స్థిర విద్యుత్తుకు లోపలి చిప్పులు దెబ్బతింటాయి. వాటిలో కొన్ని షెడ్డులో బాగానే వెలిగి, కొన్నవారి ఇంట్లో నెలకే ఆరిపోతాయి. వాటిని నిలువు గొట్టంలో దొంతరగా పేర్చి కింద నుంచి ఒక్కొక్కటిగా తీసే ఏర్పాటు చాలు. పాత ఫిలమెంటు బల్బుల కాలంలో మేము తీగలను కూడా అలాగే, గుట్టగా పోయకుండా దువ్వెనలాంటి గాళ్లలో పేర్చి అందించేవాళ్లం. ఆ తీగ మూడు ముక్కల అతుకు: ఫిలమెంటును పట్టుకొనే వైపు నికెల్, గాజులో అతుక్కొని కూర్చొనే నడుమ డ్యూమెట్ అనే రాగి పూత లోహం, క్యాపు వైపు రాగి. తల కిందులైతే బల్బు బల్బంతా వ్యర్థం. వైపు ముఖ్యమైన భాగాన్ని కుప్పగా పోసి తర్వాత ఏరుకోవడం కన్నా, తయారైన చోటనే వరుస చెడకుండా తెచ్చుకోవడం మేలని నాకు ఆ తీగలే నేర్పాయి. ప్లేట్లు నీకు ఎలాగూ ట్రేలలోనే వస్తున్నాయి. వచ్చిన వరుసను చెదరగొట్టి, మళ్లీ వరుస పెట్టడానికి యంత్రం కొంటావా?

ఆర్డర్ ఇచ్చేటప్పుడు గిన్నె ఏ వైపు తిరగాలో, కుడికా ఎడమకా, షెడ్డులో నిలబడి చూసుకొని రాయి. స్ప్రింగుల వాలు మీద ఆ దిక్కు ఆధారపడి ఉంటుంది, తర్వాత మార్చడం కుదరదు. బౌల్ చేసేవారికి నమూనాగా మంచి క్యాపులు ఏరి పంపవద్దు. మూడు నాలుగు లాట్ల నుంచి ఏరకుండా రెండు మూడు వేలు పంపు. చివరి వాయిదా చెల్లించే ముందు నువ్వే వెళ్లి నీ క్యాపులతో పూర్తి షిఫ్టు నడిపించి, ఎన్నిసార్లు ఆగిందో, ఎందుకు ఆగిందో రాసుకో. అరగంట నడిపి చూపించి టీ తాగించి పంపేస్తారు, ఒప్పుకోకు. 2015లో కేంద్రం తక్కువ ధరకు ఎల్ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం వచ్చాక ఎల్ఈడీ బల్బు ధర ఎంత దిగిందో మనం చూశాం. అంత సన్నటి లాభం మీద రోజుకు నలభై జాములంటే బల్బుల మీద నీకు మిగిలేది ఉండదు.

బౌల్ వచ్చాక ఆ నలుగురు అమ్మాయిలను ఏం చేస్తావని నువ్వు అడగలేదు, నేను చెబుతున్నాను. ఒక్కరినీ పంపించవద్దు. ఇద్దరిని బల్బు లోపలి డ్రైవర్ సర్క్యూట్ సోల్డరింగ్ తనిఖీలో పెట్టు, అక్కడ నీకు మనుషులు చాలడం లేదు. ఒకరిని వచ్చిన సంచులు విప్పి క్యాపులు చూసే పనికి పెట్టు. నాలుగో అమ్మాయి, కిటికీ పక్కన కూర్చొని అందరికన్నా వేగంగా సొట్ట క్యాపులు ఏరిన ఆ అమ్మాయికి, బౌల్ అప్పగించు. నీ ఫిట్టర్‌కు కాదు. ఫిట్టర్‌కు స్పానర్ తెలుసు, ఆమెకు క్యాపు తెలుసు. స్ప్రింగు పగిలినా, బోల్టు వదులైనా మొదట మారేది శబ్దం. పది రోజులు నేను పక్కన కూర్చుంటే ఆ శబ్దం పట్టుకోవడం ఆమెకు నేర్పగలను. నా కుడి చెవి ఇంకా బాగానే వినిపిస్తుంది.

ఈ వారంలోనే మూడు లాట్ల నుంచి యాభై చొప్పున క్యాపులు, లాటు నంబర్లు రాసిన కవర్లలో పెట్టి, ఒంగోలు బస్టాండులో ఆర్టీసీ పార్శిల్‌లో వెయ్యి. వర్నియర్ నా దగ్గర ఉంది. కొలిచి, నీ కొటేషన్ కాగితం మీదే గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. అప్పటివరకు అడ్వాన్సు ఇవ్వవద్దు. మా చెల్లెలికి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

ఇట్లు,
మీ మామయ్య